చెట్లు ఎక్కడ నాటకూడదు? స్కాట్లండ్ పక్షుల పటాల వెనుక కథ

చెట్లు నాటడం ఎక్కడైనా పుణ్యమే అనుకుంటాం. ఉత్తర స్కాట్లండ్‌లోని ఫ్లో కంట్రీలో ఆ లెక్క తప్పింది.

కేత్‌నెస్, సదర్లండ్ ప్రాంతాల్లో సుమారు 4 లక్షల హెక్టార్ల తడినేల అది. వేల ఏళ్లుగా నాచు పూర్తిగా కుళ్లకుండా పొరలుపొరలుగా పేరుకుని పీట్‌గా మారింది. చెట్టన్నది కనిపించని ఆ మైదానంలో గోల్డెన్ ప్లోవర్, డన్లిన్, గ్రీన్‌షాంక్ వంటి పొడవు కాళ్ల పక్షులు నేలమీదే గుడ్లు పెడతాయి.

1980లలో ఆ నేలకు హఠాత్తుగా గిరాకీ పెరిగింది. అడవి పెంపకానికి పెట్టిన ఖర్చును ఇతర ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చన్న పన్ను నిబంధనే అందుకు కారణం. ఎన్నడూ అక్కడ అడుగుపెట్టని సంపన్నులు సైతం పెట్టుబడి పెట్టారు. కాలువలు తవ్వి నీరు తీసేసి, ఉత్తర అమెరికా జాతులైన సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్ నాటించారు. 1987లో ప్రకృతి సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచర్ కన్జర్వెన్సీ కౌన్సిల్, ఈ తోటలు పక్షుల చోటును మింగేస్తున్నాయని లెక్కలతో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ ఆ రాయితీని ఎత్తేశారు. 1991లో కౌన్సిల్‌నూ ముక్కలు చేశారు. నివేదికపై స్కాట్లండ్‌లో రేగిన ఆగ్రహమే దాన్ని బలిగొన్నదని చాలామంది నమ్మారు.

అయితే తోట వేయని నేలైనా పక్షులకు మిగిలిందా? అసలు వివాదం ఇక్కడే. 1993లో ప్రచురితమైన ఒక సర్వే పద్ధతి ప్రకారం నేలను 500 మీటర్ల చదరాలుగా విభజించి, ఒక్కో దానిలో 20–25 నిమిషాలు నడుస్తూ పక్షులను లెక్కిస్తారు. ఫ్లో కంట్రీలో పక్షులున్న చోట్లను తోటల అంచులతో పోల్చి చూసిన 2014 అధ్యయనం, డన్లిన్, గోల్డెన్ ప్లోవర్ పక్షులు అంచు నుంచి 700 మీటర్ల వరకు దూరంగా మసలుతున్నాయని తేల్చింది. చదరపు కిలోమీటరు తోట ఒకటి తన చుట్టూ మరో నాలుగు చదరపు కిలోమీటర్లకు పైగా నేలను చెడగొడుతుందన్నమాట. నక్కలకు, కాకులకు ఆ చెట్లే ఆసరా అన్నది ఒక వివరణ. పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ 1995లో ఫోర్సినార్డ్ వద్ద భూమి కొని, తర్వాత చెట్లు నరికించి కాలువలు పూడ్పించింది. ఆ నష్టాన్ని ఎక్కడినుంచి సరిదిద్దాలో చెప్పేది, పక్షుల చోట్లనూ తోటల అంచులనూ ఇలా కలిపి చూపే పటమే. 2024 జులైలో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశం ఫ్లో కంట్రీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు తగవు మరో నేలకు మారింది. లోతైన పీట్‌పై తోటలు వేయకూడదన్న నియమం వచ్చింది; బ్రిటన్ అటవీ ప్రమాణాల్లో ఆ హద్దు 50 సెంటీమీటర్లు. నియమం కాపాడేది పీట్‌ను, పక్షిని కాదు. వాతావరణ లక్ష్యాల కోసం నాటే చెట్లకు పీట్ పలుచగా ఉండే కొండవాలు పచ్చికలే మిగిలాయి, పొడవైన వంపు ముక్కున్న పక్షి కర్లూ గూడు కట్టేదీ అక్కడే. మన పులికాట్‌కు చలికాలంలో వచ్చేదీ ఇదే జాతి, కాకపోతే అవి సైబీరియా వైపు నుంచి వస్తాయి. ప్రపంచంలో గూడు కట్టే కర్లూలలో దాదాపు నాలుగో వంతు బ్రిటన్‌లోనే ఉన్నాయి. 1990ల నడుమ నుంచి అక్కడ వాటి సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. 2015లో కర్లూ, ముప్పులో ఉన్న పక్షుల బ్రిటన్ ఎర్ర జాబితాకెక్కింది.

అందుకే తోటలకు అనుమతిచ్చే ముందు చూడటానికి ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో ఈ పక్షుల పటాలు తయారుచేస్తున్నారు. వాటిపై నాకొక సందేహం ఉంది. కర్లూ ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు, ఏటా అదే పొలానికి తిరిగొస్తుంది. పిల్ల ఒక్కటీ దక్కని చోటు కూడా పటంలో మంచి రంగులోనే కనిపించవచ్చు. అది తేలాలంటే వేసవి మధ్యలో మళ్లీ వెళ్లి, పిల్లలున్న తల్లిదండ్రులు చేసే హెచ్చరిక అరుపు వినిపిస్తోందో లేదో చూడాలి. వసంతంలో ఒకసారి లెక్కించి వచ్చేదానికంటే దానికి ఖర్చు ఎక్కువ.