తాళం వేసిన నీళ్లు

పార్కుకు నడకకు వెళ్లేవారు దాన్ని రోజూ చూస్తారు, పట్టించుకోరు. ఒక మూలన సిమెంటు దిమ్మె, దాని మీద ఇనుప మూత, మూతకు తుప్పు పట్టిన తాళం, పక్కన ‘అత్యవసర నీటి బావి’ అని వెలిసిపోయిన పలక. భూకంపం వల్లనో, వరద వల్లనో, రోజుల తరబడి కరెంటు లేకనో నగరపు కుళాయిలు ఎండిపోతే చుట్టుపక్కల జనానికి నీళ్లివ్వడం దాని పని. ఆ రోజు వచ్చేదాకా దానికి వేరే పని లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇలాంటి బావులు ఎందుకో జపాన్‌లోని కోబె నగరం చెబుతుంది. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు అక్కడ భూకంపం వచ్చింది. భూమిలోని పైపులు విరిగి పది లక్షలకు పైగా ఇళ్లకు నీళ్లు ఆగిపోయాయి. మంటలు ఆర్పడానికి వెళ్లినవారికి వీధుల్లోని హైడ్రెంట్లలో (మంటలార్పే నీటి కుళాయిల్లో) కూడా నీళ్లు దొరకలేదు. ఆ తరువాత జపాన్‌లో అనేక పురపాలక సంఘాలు ఇళ్లలో, సంస్థల్లో ఉన్న బావులను విపత్తు బావులుగా నమోదు చేయడం మొదలుపెట్టాయి. ఆ నీళ్లు ప్రధానంగా వాడకానికే, తాగడానికి కాదు. జర్మనీ దారి వేరు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో, 1965లో, అప్పటి పశ్చిమ జర్మనీ అత్యవసర నీటి సరఫరా కోసం ఒక చట్టమే తెచ్చింది. ఒక్క బెర్లిన్ వీధుల్లోనే నేటికీ సుమారు రెండు వేల చేతిపంపులు ఉన్నాయి.

బావికి పార్కును ఎంచుకోవడంలో తెలివి ఉంది. విపత్తు వేళ జనం ఎలాగూ ఖాళీ జాగాకే పరుగెత్తుతారు. మీద కూలే మేడలుండవు, ట్యాంకరు లారీ లోపలికి రాగలదు. అయితే పార్కు నేలకు దాని మురికి దానికుంది. పచ్చికకు వేసే ఎరువు, మొక్కలకు కొట్టే మందు, కుక్కల విసర్జన, అన్నీ వాన నీటితో కిందికే దిగుతాయి.

పాత బావిని బాగుచేయాలనగానే అధికారులకు ముందుగా తోచేది పెద్ద మోటారు. పెద్ద మోటారు బిగిస్తే పెద్ద ధార వస్తుందని లెక్క. ఈ లెక్క ఎంత తప్పో తెలియాలంటే, వాడని బావికి లోపల ఏమవుతుందో ముందు తెలియాలి.

లోతున ఉన్న భూగర్భజలంలో చాలాచోట్ల ఆక్సిజన్ బాగా తక్కువ. అందువల్ల ఇనుము అందులో కరిగి, కంటికి కనబడకుండా ఉంటుంది. బావిలో గాలి తగిలిన చోట ఆ ఇనుము తుప్పుగా మారి బయటపడుతుంది. దాన్నే ఆధారం చేసుకుని బతికే బ్యాక్టీరియా కూడా ఉన్నాయి. అవి గోధుమరంగు జిగురు పొరలు కడతాయి. నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే గార పేరుకుంటుంది. ఇవన్నీ పేరుకునేది సరిగ్గా ఉండకూడని చోటే: నేలలోని నీరు బావిలోకి ప్రవేశించే సన్నని చీలికల గొట్టం మీద. దీనికి తోడు మోటారు కూడా ఊరుకోదు. తిరగని పంపు బిగుసుకుపోతుంది, నీటిని వెనక్కి పోనీయని వాల్వు అతుక్కుపోతుంది, కేబులు తొడుగు పగులుతుంది. తోడిన కొద్దీ ఊరేది బావి అంటాం. తోడకుండా వదిలేస్తే ఏమవుతుందో చెప్పే సామెత మాత్రం నాకు తెలిసి లేదు.

అందుకే పని మొదలుపెట్టేవారు ముందు బావిలోకి కెమెరా దించుతారు. బావి గోడ కూలకుండా దించిన కేసింగ్ పైపు ఎక్కడ తుప్పు తిన్నదో, అతుకుల్లోంచి చెట్టు వేళ్లు ఎక్కడ చొచ్చుకువచ్చాయో తెర మీద కనిపిస్తుంది. కానీ బావి ఎంత నీరు ఇవ్వగలదో కెమెరా చెప్పలేదు. అది తోడి చూస్తేనే తెలుస్తుంది. ఈ తోడి చూడడంలో చక్కని భౌతికశాస్త్రం ఉంది, కాస్త ఆగి చూద్దాం.

ఒక బావిని ఊహించుకుందాం. 20 సెంటీమీటర్ల వ్యాసం, 60 మీటర్ల లోతు. పంపు నడవనప్పుడు నీటిమట్టం నేల నుంచి 12 మీటర్ల కింద ఉంది. పంపు వేయగానే మట్టం దిగుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న నేలలోని నీరు బావి వైపు జరగాలంటే దానికి ఒక వాలు కావాలి. పంపును మూడు మెట్లలో నడుపుతారు. నిమిషానికి 40 లీటర్లు తోడితే మట్టం 3 మీటర్లు దిగిందనుకుందాం. 80 తోడితే 8 మీటర్లు, 120 తోడితే 15 మీటర్లు. తోడిన నీరు మూడింతలయితే దిగుడు మూడింతలు కావాలి కదా, ఐదింతలెందుకయింది?

దిగుడులో రెండు పాళ్లు ఉన్నాయి. నేల పొరల్లో ఇసుక రేణువుల మధ్య నీరు నింపాదిగా పాకుతుంది. అక్కడి నష్టం తోడే నీటికి సరిసమంగా పెరుగుతుంది. బావి అంచుకు వచ్చాక, మూసుకుపోయిన చీలికల్లోంచి నీరు ఇరుక్కుని సుడులు తిరుగుతూ దూరాలి. అక్కడి నష్టం తోడే నీటి వర్గానికి (స్క్వేర్‌కు) అనుగుణంగా పెరుగుతుంది. ఈ సంగతిని 1947లో అమెరికన్ జలవిజ్ఞాని జాకబ్ ఒక చిన్న సమీకరణంగా రాశాడు. పై మూడు అంకెలను అందులో వేస్తే, 15 మీటర్లలో నేల వంతు 6, బావి వంతు 9 అని తేలుతుంది. అంటే నేలలో నీళ్లకు లోటు లేదు, బావి గొంతు పూడుకుంది. దానికి పెద్ద మోటారు బిగిస్తే ఆ తొమ్మిది ఇంకా వేగంగా పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర వేలాడుతున్న పంపు దాకా మట్టం దిగి, అది గాలి పీల్చి కాలిపోతుంది.

వైద్యం బ్రష్‌తో తోమడం, చీలికల్లో నీటిని ముందుకూ వెనక్కూ ఆడించి పూడిక కదిలించడం, గార కరగడానికి ఆమ్లం, చివర గాలి ఒత్తిడితో బురదంతా పైకి ఎగదోయడం. అంతా అయ్యాక మళ్లీ అవే మూడు మెట్లు నడిపి చూడాలి. 120 లీటర్ల దగ్గర దిగుడు 8 మీటర్లకు వచ్చిందంటే, కొత్త మోటారు లేకుండానే బావి బాగుపడినట్టు. ఈ పరీక్ష వానలు పడ్డాక చేసి మురిసిపోవడం మాత్రం పనికిరాదు. నీళ్ల కరువు కూడా అత్యవసరమే కాబట్టి మట్టం అట్టడుగున ఉండే రోజుల్లోనే చేయాలి.

పరిమాణం తేలింది, ఇక శుద్ధి. బావి గురించి ప్రజారోగ్యం ఎప్పటికీ మరచిపోని కథ 1854 నాటి లండన్‌ది. సోహో ప్రాంతంలో బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లు తాగి ఆరు వందలకు పైగా మనుషులు కలరాతో చనిపోయారు. వైద్యుడు జాన్ స్నో చావుల లెక్క తీసి పంపును వేలెత్తి చూపాక, సెప్టెంబరు 8న దాని పిడి తీసేశారు. ఆ నీళ్లు రుచిగా ఉంటాయని పేరు. అక్కడి నుంచి దూరంగా హాంప్‌స్టెడ్‌కు మకాం మార్చిన ఒక వృద్ధురాలు ఆ రుచి మీది మక్కువతో అక్కడికి కూడా నీళ్లు తెప్పించుకుని తాగి, ప్రాణం పోగొట్టుకుంది. తరువాత తవ్వి చూస్తే, ఒక పాత మలపు గుంత బావి గోడకు మీటరు కంటే దగ్గరలోనే ఉంది. తేటగా ఉన్న నీరు, కమ్మగా ఉన్న నీరు మంచినీరే కానక్కరలేదు.

కాబట్టి బావి మరమ్మతులో అతి ముఖ్యమైనదీ, ఎవరికీ కనబడనిదీ కేసింగ్ పైపు చుట్టూ ఉన్న ఖాళీని గ్రౌట్‌తో, అంటే జారుగా కలిపిన సిమెంటు ముద్దతో, పూడ్చడం. ఆ ఖాళీ ఉంటే పార్కు నేల మీది మురుగు గొట్టం వెంబడే జారి కిందికి దిగుతుంది. పైపు తల వరద మట్టం కంటే ఎత్తులో ఉండాలి, చుట్టూ గచ్చు బయటివైపు వాలి ఉండాలి. ఎరువుల నుంచి వచ్చే నైట్రేటుకు ఈ జాగ్రత్తలే దిక్కు. ఎందుకంటే క్లోరిన్ దాన్ని ఏమీ చేయలేదు, మరిగిస్తే నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు.

సూక్ష్మజీవులకు మాత్రం క్లోరిన్ బాగానే పనిచేస్తుంది. మరమ్మతు ముగిశాక బావిని లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో ఒక రాత్రంతా నానబెడతారనుకుందాం. మన బోరులో 48 మీటర్ల నీటి స్తంభం ఉంది, అంటే సుమారు 1,500 లీటర్లు. దానికి కావలసిన క్లోరిన్ 75 గ్రాములు. బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ, దాదాపు 30 శాతం క్లోరిన్ ఉంటుంది కాబట్టి పావు కిలో పొడి చాలు. అదే మూడు మీటర్ల వెడల్పున్న పాతకాలపు దిగుడు బావిలో ఐదు మీటర్ల నీళ్లుంటే ఆరు కిలోల దాకా కావాలి. పంపు గదిలో ఏళ్ల తరబడి మూలుగుతున్న బస్తా దీనికి పనికిరాదు. తేమకూ వేడికీ బ్లీచింగ్ పౌడర్ సత్తువ పోతుంది, మిగిలేది సున్నమే.

ఇప్పుడు జనం వచ్చారనుకుందాం. చుట్టుపక్కల ఐదు వేల మంది. మానవతా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం, మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. మొత్తం 75,000 లీటర్లు. మన పంపు నిమిషానికి 120 చొప్పున పదిన్నర గంటల్లో తోడేస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది, వరుసలో నిలబడేదాకా. ఒకే కుళాయి నిమిషానికి ఏడున్నర లీటర్లు ఇస్తుందంటే ఇదే నీరు పంచడానికి రాత్రీ పగలూ ఏడు రోజులు పడుతుంది. అందుకే 250 మందికి ఒక కుళాయి అని అదే ప్రమాణం చెబుతుంది. మనకు 20 కుళాయిలు.

ఇరవై కుళాయిలూ తెరిస్తే నిమిషానికి 150 లీటర్లు పోతాయి, పంపు ఇచ్చేది 120. తేడా 30. ఎనిమిది గంటల ఇరవై నిమిషాల పంపిణీలో ఆ తేడా 15,000 లీటర్లకు చేరుతుంది. దాన్ని ట్యాంకు భరించాలి. క్లోరిన్ కలిపాక కనీసం అరగంట ఆగితేనే అది తన పని చేస్తుంది కాబట్టి ట్యాంకులో ఎప్పుడూ అరగంట నీరు, అంటే 4,500 లీటర్లు, అడుగున మిగిలి ఉండాలి. వెరసి ఇంచుమించు 20,000 లీటర్ల ట్యాంకు. లోపలికి వచ్చిన నీరు నేరుగా బయటి గొట్టంలోకి పోకుండా మధ్యలో అడ్డుగోడలు కూడా ఉండాలి, లేకపోతే అరగంట కాగితం మీదే ఉంటుంది. పంపు కంటే ముందు కొనాల్సింది ట్యాంకు అని నేను అనడానికి కారణం ఈ లెక్కే. దాన్ని ఎత్తు మీద పెడితే కరెంటు లేకపోయినా కుళాయిలకు నీరు దానంతటదే దిగుతుంది. ఈ గొట్టాలను నగరపు పైపులతో కలిపేటప్పుడు మాత్రం మధ్యలో గాలి ఖాళీ వదలాలి. ఒత్తిడి పోయిన వీధి పైపులోని మురికి వెనక్కి పీల్చుకోకుండా ఉండేందుకు అంతకంటే నమ్మకమైన ఏర్పాటు లేదు.

కరెంటు విషయానికి వస్తే, నీటిని ఎత్తడం మనం అనుకునేంత ఖరీదైన పని కాదు. 75,000 లీటర్లను మొత్తం 30 మీటర్ల ఎత్తుకు లేపడానికి సిద్ధాంతం ప్రకారం ఆరు యూనిట్లు చాలు. పంపులో, మోటారులో సగం వృథా అయినా పన్నెండు. ఇబ్బంది పెట్టేది మోటారు మొదలయ్యే క్షణం. నేరుగా స్విచ్ వేస్తే అది మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. చిన్న జనరేటర్ అక్కడే చేతులెత్తేస్తుంది. మోటారు మెల్లగా వేగం అందుకునేలా చేసే సాఫ్ట్ స్టార్టర్ పెడితే ఆ కుదుపు తగ్గుతుంది. జనరేటర్ డీజిల్‌ను బావి పక్కనే నిల్వ చేయడం మాత్రం ఇంటి దొంగను పెంచుకోవడమే. కాస్త ఒలికినా నీటికి వాసన అంటుతుంది, అంత తేలికగా వదలదు.

జనరేటరూ మొరాయిస్తే చేతిపంపే గతి. దిమ్మె మీద నిలబెట్టి పీల్చే రకం ఇక్కడ పనికిరాదు. పంపు నీటిని లాగుతుందని అనుకుంటాం గానీ నిజానికి బయటి గాలి బరువే నీటిని పైకి తోస్తుంది. ఆ బలం 10.3 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఆచరణలో ఏడు మీటర్లు దాటదు. గాలికి బరువుందని పాదరసపు గొట్టంతో 1640లలో టోరిచెల్లి తేల్చినప్పటి నుంచీ ఇది తెలిసిందే. మన నీరు 12 మీటర్ల కింద ఉంది. కాబట్టి సిలిండరు నీళ్లలోనే మునిగి ఉండే ఇండియా మార్క్ 2 వంటి పంపు కావాలి. అది నిమిషానికి 12 లీటర్ల దాకా ఇస్తుంది. మనుషులు మారుతూ పది గంటలు కొడితే 7,200 లీటర్లు, మనిషికి మూడు లీటర్ల తాగునీటి చొప్పున 2,400 మందికి. దాన్ని మోటారు బోరులోనే ఇరికిస్తే రాడ్లు కేబులును ఒరుసుకుంటాయి. పక్కన చిన్న బోరు వేయడమే మేలని నా అభిప్రాయం.

చివరికి మిగిలేది తాళం. దాని చెవి పార్కు కాపలాదారు దగ్గర ఒకటి, అగ్నిమాపక కేంద్రంలో ఒకటి, పార్కు పక్కనే కాపురముండే ఇద్దరు ముగ్గురి దగ్గర ఒక్కొక్కటి ఉండాలి. ఏ కార్యాలయం సొరుగులోనో ఒక్కటే ఉంటే పైన వేసుకున్న లెక్కలన్నీ దండగ. నెలకొకసారి, సెలవు రోజు పొద్దున, మూత తీసి పంపు నడపాలి. మొదట కాసేపు ఎర్రనీళ్లు వస్తాయి, వాటిని చెట్లకు వదలవచ్చు. తేట నీరు వచ్చాక సీసా పట్టి పరీక్షకు పంపాలి. వంద మిల్లీలీటర్లలో మలం కలిసిందని పట్టిచ్చే ఈ.కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదు. పిల్లలు చేతిపంపు కొట్టడానికి పోటీపడితే పడనివ్వాలి. పంపు ఆపే ముందు టేపు దించి మట్టం కొలిచి, గోడకు వేలాడే పుస్తకంలో రెండే అంకెలు రాయాలి: నడపకముందు 12.1, అరగంట నడిపాక 19.8. వచ్చే నెల ఆ రెండో అంకె 21 అయితే, బ్రష్ పట్టుకోవాల్సిన వేళ దగ్గరపడిందన్నమాట.