వన్‌టౌన్ కొట్లు: దస్తావేజుకు ఎక్కని వ్యాపారాలు

బెజవాడ వన్‌టౌన్‌లో పాత కొట్ల అద్దె గొడవ మళ్లీ రాజుకుంది. ఆనకట్ట, 1893 నాటి రైలు వంతెన, వాటితో పెరిగిన బజారు కథ అందరికీ తెలిసిందే. ఇవాళ్టి పేచీ ముడి మాత్రం 1983లో పడింది.

అద్దె పెంచడానికి, ఖాళీ చేయించడానికి హద్దులు పెట్టిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నుంచి 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మినహాయింపు ఉండేది. 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం కొత్త మినహాయింపు తెచ్చింది: కట్టి పదేళ్లు నిండని భవనాలకు, నెల అద్దె వెయ్యి రూపాయలు దాటినవాటికి చట్టం వర్తించకుండా పోయింది. 2005లో కార్పొరేషన్లలో ఆ అద్దె హద్దు 3,500 రూపాయలు అయింది. దాంతో భవనం ఎప్పటిది, రసీదు మీద ఎంత రాసి ఉంది అన్నవి ప్రాణం మీదికొచ్చే ప్రశ్నలయ్యాయి. జనం పాత రిజిస్టర్ల వెంట పడింది అందుకే.

యజమానులు చెప్పేది సూటిగా ఉంటుంది: దస్తావేజు మాది, ఆస్తిపన్ను మేమే కడుతున్నాం, వచ్చే అద్దె రిపేర్లకు కూడా చాలదు. ఇందులో నిజం ఉంది.

అద్దెదారు మాత్రం ఏనాటి నుంచో ఇక్కడే ఉన్నానన్న తన మాట నిరూపించుకోవడానికి నానా తిప్పలు పడాలి. నెలవారీ అద్దెకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి, మూడు తరాలు గల్లా మీద కూర్చున్నా రిజిస్ట్రార్ పుస్తకంలో ఆ ఇంటిపేరు కనపడదు. కంప్యూటర్లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే 1983 నుంచే వస్తుంది, అదీ యజమాని పేరుతోనే. అంతకు ముందుది కావాలంటే పాత పుస్తకాలు తీయించాలి. ఫీజు కడితే, స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో నంబరు పుస్తకాన్ని ఎవరైనా చూడొచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. ఈ సంగతి తెలియక వెనక్కి తిరిగినవాళ్లే ఎక్కువ.

అక్కడ వెతకాల్సింది పక్కింటి దస్తావేజు. హద్దులు రాసేచోట తూర్పు రాజవీధి, ఉత్తరం ఫలానా వారి కిరాణా కొట్టు అని ఉంటుంది. తన దస్తావేజే లేని వ్యాపారి ఇలా పొరుగువాడి హద్దులో దొరుకుతాడు. డోర్ నంబర్లు మారిపోయిన వీధుల్లో ఈ హద్దులే దారి చూపిస్తాయి. 1888లో ఏర్పడిన మునిసిపాలిటీ 1981లో కార్పొరేషన్ అయింది, నంబర్లూ మారాయి. పాత, కొత్త నంబర్లు జతపరిచి చూడకపోతే ఒకే కొట్టు రెండుగా కనిపిస్తుంది.

మిగిలిన ఆధారాలు ఇంట్లోనే ఉంటాయి: ట్రేడ్ లైసెన్సు, 1939 తర్వాతి అమ్మకపు పన్ను కాగితాలు, చిట్టా పుస్తకాలు. షట్టర్లు రాని రోజుల్లో కొట్టుకు చెక్క పలకలే తలుపు. పొద్దుటే వరసగా తీసి, రాత్రి అదే వరసలో గాడిలో దింపేందుకు ఒక్కో పలక మీద ఒకటి, రెండు అని అంకెలు వేసేవారు. ఎన్నో చేతులు తగిలి ఆ అంకెలు అరిగిపోయాయి. కోర్టులో మాత్రం అద్దె రసీదు ఏ ఏడాదిదో చూపించమంటారు.