అమ్మానాన్నల పోషణ కేసులు: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పారా లీగల్ వాలంటీరుగా పెద్దవాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటాను. ఊళ్లో ఎవరో చెప్పిన మాట నమ్మి, పిల్లలు చూడని పెద్దవాళ్ల అర్జీలు వినే ఆర్డీవో గారి ట్రిబ్యునల్ గడప తొక్కకుండానే ఆగిపోయేవాళ్లు చాలామంది.

అపోహ: తోట కొడుకు పేర రాసిచ్చేశాక ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ఉంది. కానీ ముందు దస్తావేజు చదవాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే రద్దు చేయమని అడగొచ్చు. చట్టం వచ్చాక జరిగిన బదిలీలకే ఇది వర్తిస్తుంది. షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఓ తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అక్కడ గిఫ్ట్ డీడ్‌తోపాటు, చివరిదాకా చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితాన్నీ లెక్కలోకి తీసుకుంది. మన దగ్గర చాలా దస్తావేజుల్లో 'ప్రేమాభిమానములచేత' అని ఉంటుంది, తిండి, మందులు, ఉండడానికి గది ఊసే ఉండదు. వేలిముద్ర వేసే ముందే ఆ వాక్యం రాయించండి. కొబ్బరి దింపు సొమ్ములో పెద్దవాళ్ల వాటా ఎంతో కూడా రాయించమంటాను నేను.

అపోహ: ట్రిబ్యునల్ కళ్లు మూసుకుని పెద్దవాళ్ల పక్షమే తీర్పిస్తుంది.

వాస్తవం: పిల్లలకు నోటీసు ఇచ్చి, వాళ్ల మాటా వినాలి. వినకుండా ఇచ్చిన ఉత్తర్వు పెద్దవాళ్లకే చేటు, పైకోర్టులో నిలవదు. ఉదాహరణకు, కొడుకు హైదరాబాద్‌లో మంచి జీతంమీద ఉంటాడు. కూతురు ఊళ్లోనే ఉండి, మంచం పట్టిన తల్లికి రోజూ ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, మందులు వేస్తుంది. అర్జీలో ఇద్దరి పేర్లూ ఉంటాయి. చెరిసగం అంటే లెక్క బాగుంటుంది గానీ న్యాయం కాదు. ఎవరి స్తోమత ఎంత, ఎవరు ఇప్పటికే ఏం చేస్తున్నారు అన్నది ఆ కూతురు తప్పకుండా చెప్పాలి, అధికారి అది రాసుకోవాలి. తన ఒక్కడి మీదే కేసు వేశారనుకునే కొడుకు కూడా, బాధ్యత ఉన్న మిగతావాళ్లను చేర్చమని అడగొచ్చు.

అపోహ: పెళ్లయిన కూతురికి బాధ్యత లేదు.

వాస్తవం: ఉంది. చట్టంలో కొడుకూ కూతురూ ఒకటే.

అపోహ: లాయరు కావాలి, ఏళ్లు పడుతుంది.

వాస్తవం: లాయరు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు. కదల్లేనివాళ్ల తరఫున వాళ్లు అధికారమిచ్చిన మనిషి పెట్టొచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30. ఈలోగా మధ్యంతర భృతి, అంటే కేసు తేలేదాకా నెలనెలా ఇచ్చే డబ్బు, అడగండి, చాలామంది అడగరు. భృతికి గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. ఉత్తర్వు నచ్చకపోతే పెద్దవాళ్లు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. డబ్బు ఆగిపోతే, అది రావాల్సిన తేదీ నుంచి మూడు నెలల్లోపు మళ్లీ ట్రిబ్యునల్‌కు రాసివ్వాలి. 'పోనీలే, పండక్కి వచ్చినప్పుడు ఇస్తాడులే' అని ఆ గడువు దాటనివ్వకండి.