అనుకున్నాం, రాసుకోలేదు

ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం మనకి కొత్త కాదు. కర్చీఫ్ పడిన సీటుని ఖాళీ అనలేం, నిండిందనీ అనలేం. ఆ మధ్య స్థితిని బస్సులో ఉన్నవాళ్లంతా ఒప్పుకుంటారు కాబట్టే అది చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో సీటు నొక్కి, డబ్బు కట్టేలోపు జరిగేదీ ఇదే. కాకపోతే కర్చీఫ్ అంటే ఏమిటో కంప్యూటర్‌కి ఎవరో ఒకరు ముందే చెప్పిపెట్టాలి.

మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లని నేను మొదట ఈ సీటునే గీయమంటాను. కోడ్ జోలికి పోవద్దు, కాగితం, పెన్ను చాలు. మూడు సున్నాలు చుట్టి, లోపల ‘ఖాళీ’, ‘ఆపింది’, ‘అమ్మింది’ అని రాస్తారు. ఖాళీ నుంచి ఆపిందికి ఒక బాణం, దాని మీద ‘సీటు నొక్కారు’. ఆపింది నుంచి అమ్మిందికి ఇంకో బాణం, ‘డబ్బు వచ్చింది’. పది నిమిషాల్లో డబ్బు రాకపోతే మళ్లీ ఖాళీకి వెనక్కి మూడో బాణం. దీన్నే స్టేట్ డయాగ్రమ్ అంటారు. అయిదు నిమిషాల్లో గీసేసి ‘అయిపోయింది’ అంటారు.

అప్పుడు అడుగుతాను: డబ్బు పదకొండో నిమిషంలో వస్తే? బ్యాంకు వైపు ఆలస్యమైంది. ఇక్కడ కర్చీఫ్ తీసేశాం, సీటు వేరేవాళ్లు కొనుక్కున్నారు. ఆ డబ్బు బాణాన్ని ఎక్కడ గీస్తారు?

చాలాసేపు పెన్ను కదలదు. ఒకరు ‘డబ్బు ఉంది, సీటు లేదు’ అని నాలుగో సున్నా చుట్టబోయి ఆగిపోతారు. ఎందుకంటే సీటుకి ఏ గొడవా లేదు, అది హాయిగా అమ్ముడుపోయింది. ఇరుక్కుపోయింది ప్రయాణికుడి బుకింగ్. అంటే మనం ఒకటే అనుకున్నవి నిజానికి రెండు: సీటు వేరు, బుకింగ్ వేరు. దేని స్థితులు దానివే, దేని బొమ్మ దానికే ఉండాలి. ఈ సంగతి కాగితం మీద తెలిస్తే ఇంకో కాగితం తీసుకుంటాం. కోడ్ అంతా రాశాక తెలిస్తే నెలల పని తిరగరాయాలి. ఒకసారి నా ఖాతాలో డబ్బు కట్ అయి, టికెట్ రాక, మూడు రోజులు ఫోన్లు చేస్తూ టెన్షన్ పడ్డాను. ఎవరూ చుట్టని సున్నాలో ఉన్నానన్నమాట.

ఈ బొమ్మలో బస్సు రంగు లేదు, డ్రైవర్ లేడు, ఇంజిన్ లేదు. ఉండక్కర్లేదు కూడా. డిపోలో రిపేర్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌కి ఇలాంటి బొమ్మ గీస్తే ఇంజినే ముఖ్యం, సీటు మీద ఎవరు కూర్చున్నా ఒకటే. ఏ ప్రశ్నకి జవాబు కావాలో దాన్నిబట్టి ఏది ఉంచాలో, ఏది వదలాలో తేలుతుంది. వదిలినవాటిలో అవసరమైనది ఒక్కటున్నా ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసి యూరప్ రాకెట్ ఏరియాన్ 5ని మించిన ఉదాహరణ లేదు.

1996 జూన్ 4న, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కౌరూ నుంచి ఏరియాన్ 5 మొదటిసారి లేచింది. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత ఆవరణాన్ని పరిశీలించే నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు అందులో ఉన్నాయి. సుమారు 40 సెకన్లకే దారి తప్పి, ముక్కలై పేలిపోయింది. (తర్వాతి కాలంలో ఇదే రాకెట్ ఎంతో నమ్మకమైనదని పేరు తెచ్చుకుంది. 2018లో మన ఉపగ్రహం జీశాట్-11 వెళ్లింది దీని మీదే.)

రాకెట్ ఎటు వంగింది, ఎంత వేగంతో పోతోంది అని కొలిచే కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌ని పాత రాకెట్ ఏరియాన్ 4 నుంచి తెచ్చి వాడారు. అందులో ఒకచోట, అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన విలువని 64 బిట్ల సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణసంఖ్యలోకి మారుస్తారు. అలాంటి 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఏరియాన్ 4 ఎప్పుడూ ఆ హద్దు దాటలేదు. ఏరియాన్ 5లో ఆ వేగం అయిదు రెట్లు త్వరగా పెరుగుతుంది. సోల గిన్నెలో కుంచెడు బియ్యం పోసినట్టయింది. కంప్యూటర్ ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండోది అంతకు క్షణం ముందే, అదే కారణంతో ఆగిపోయి ఉంది. రెండింట్లో ఉన్నది ఒకే ప్రోగ్రామ్ కదా! ఆగిపోతూ మొదటిది పంపిన లోపం వివరాలని ప్రధాన కంప్యూటర్ నిజమైన కొలతలనుకుని, ఇంజిన్ నాజిళ్లని, అంటే మంట బయటికి వచ్చే గొట్టాలని, పూర్తిగా పక్కకి తిప్పేసింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఇంకొకటుంది. ఏరియాన్ 5 నేల వదిలాక ఆ లెక్కతో పనే లేదు. ఏరియాన్ 4లో కౌంట్‌డౌన్ మధ్యలో ఆగితే త్వరగా మళ్లీ మొదలుపెట్టడానికి అది కావలసివచ్చేది. అందుకే ఎగిరాక కూడా 40 సెకన్లపాటు నడవనిచ్చారు. కొత్త రాకెట్‌లోనూ అలాగే నడిచింది.

రాసినవాళ్లు అజాగ్రత్తపరులేమీ కాదు. అలా పొంగిపొర్లే ప్రమాదమున్న విలువలు ఏడని వాళ్లకి తెలుసు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదు కాబట్టి నాలుగింటికే రక్షణ పెట్టి, మిగతా మూడూ అంత పెద్దవి కావులే అని వదిలారు. పాత రాకెట్‌కి ఆ మాట నిజం. గణిత శాస్త్రజ్ఞుడు జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన విచారణ బృందం చూస్తే, ఎందుకు వదిలారో ఆ కోడ్ పక్కన ఒక్క ముక్క లేదు. కొత్త రాకెట్ ప్రయాణించే దారి వివరాలు ఆ కొలిచే పరికరం ఎలా ఉండాలో రాసిన పత్రంలోనే (స్పెసిఫికేషన్‌లో) లేవు, చేర్చవద్దని అందరూ కలిసే ఒప్పుకున్నారు.

ప్రమాదం తర్వాత అదే సాఫ్ట్‌వేర్‌ని నేల మీదే కంప్యూటర్‌లో నడిపి, ఆ రోజు రాకెట్ వెళ్లిన దారి వివరాలని అందించారు. జరిగినదంతా వరస తప్పకుండా మళ్లీ జరిగింది.

ఈ కథ చెప్పాక కుర్రాళ్లకి వాళ్ల కాగితాలు తిరిగి ఇచ్చి, మూడో బాణం మీదున్న ‘పది నిమిషాలు’ చూపిస్తాను. పదే ఎందుకు? మొన్న ఒకమ్మాయి కాసేపు ఆలోచించి ఆ అంకె పక్కనే చిన్న అక్షరాలతో రాసింది: ‘బ్యాంకు జవాబు అయిదు నిమిషాల్లో వస్తుందని అనుకున్నాం. వాళ్లని అడగాలి.’