చూసి చెప్పేవాళ్లు: బెజవాడ, గుంటూరు కెమెరా సరదా వెనక కథ

ఏటా ఆగస్టు 19న మన ఊళ్లలో ఫోటోగ్రాఫర్ల సంఘాలవాళ్లు డాగురే పటానికి దండ వేస్తారు. 1839లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయన కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని లోకం ముందు పెట్టిన రోజది. దండ వేసేవాళ్లలో చాలామందికి పెళ్లిళ్లు, ఫంక్షన్లే బతుకుతెరువు. వాళ్ల పక్కనే ఇంకో జట్టు ఉంటుంది. బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, డాక్టర్లు, రైల్వేవాళ్లు. వీళ్లకి ఫోటో మీద పైసా రాదు, పైగా చేతిచమురు వదులుతుంది. ఈ రెండో జట్టులో ఈమధ్య ఒక మాట తరచూ వినిపిస్తోంది: కొత్త పిల్లలకు ఫోటో చూసి చెప్పే పెద్దలు కరువయ్యారని. పిల్లల్ని అడిగితే, పెద్దలు ఉన్నారు గానీ వర్క్‌షాప్ ఫీజు అడుగుతున్నారంటారు. యూట్యూబు ఉండగా మనిషి దేనికని ఇంకొందరు.

ఈ తగువు అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. బెజవాడ, గుంటూరుల్లో ఫోటోగ్రఫీ బడి చదువుగా రాలేదు. పద్ధతిగా నేర్చుకోవాలంటే మద్రాసో హైదరాబాదో పోవాల్సి వచ్చేది. ఇక్కడ ఇది ఒకరి చేతి మీదుగా ఇంకొకరికి అంటుకున్న సరదా. అంటించినవాళ్లు ఏం పంచారన్నది మాత్రం కాలాన్ని బట్టి మారింది. మొదట్లో కెమెరా, తర్వాత రీళ్లు, ఫోటోలు కడిగే మందులు, చీకటిగది. ఇప్పుడు పంచాల్సింది ఓపిక. అదే కరువైంది.

మొదటి అంకం మనకు దూరంగా నడిచింది. బొంబాయిలో 1854లో, కలకత్తా, మద్రాసుల్లో 1856లో ఫోటోగ్రఫీ సొసైటీలు పుట్టాయి. సభ్యుల్లో ఎక్కువమంది దొరలు, మిలిటరీ అధికారులు, డాక్టర్లు. మద్రాసు సొసైటీలో ముందున్న అలెగ్జాండర్ హంటర్ వృత్తికి సర్జన్, అక్కడి ఆర్ట్ స్కూల్ పెట్టింది కూడా ఆయనే. కృష్ణా, గుంటూరు ప్రాంతాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే అయినా ఆ సొసైటీ గాలి ఇక్కడిదాకా రాలేదు. మన రాళ్లే అక్కడికి పోయాయి. గుంటూరు కమిషనర్ వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాసు మ్యూజియం చేరితే, 1858లో మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ వాటిని ఫోటోలు తీశాడు. మరుసటేడు ఆ రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. గుంటూరు సీమకు సంబంధించి మొదటి తరం ఫోటోల్లో ఇవి ముఖ్యమైనవి, కానీ గుంటూరులో తీసినవి కావు.

నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పేరుపడ్డ రాజా దీన్ దయాళ్ కూడా సరదాగా మొదలుపెట్టినవాడేనని చాలామంది మర్చిపోతారు. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగిగా ఉంటూ 1870ల్లో కెమెరా పట్టాడు. సర్ హెన్రీ డేలీ అనే అధికారి వెన్నుతట్టాడు. ఆ వెన్నుతట్టడమే లేకపోతే ప్లాన్లు గీసుకుంటూ రిటైరయ్యేవాడేమో.

మన ఊళ్లలో మధ్యతరగతి ఇంటికి కెమెరా చేరడానికి అక్కణ్నుంచి ఇంకో వందేళ్లు దాదాపుగా పట్టింది. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన అగ్ఫా క్లిక్ త్రీ చాలామందికి తొలి కెమెరా. నల్లటి డబ్బా, మబ్బు, ఎండ గుర్తులతో చిన్న మీట, రీలుకి పన్నెండు చదరపు ఫోటోలు. 80ల్లో హాట్‌షాట్ వచ్చింది. దాని ‘ఖటాక్’ ప్రకటన ఆ తరానికి ఇంకా చెవుల్లో ఉంది. అంతకుమించి యాషికానో, పెంటాక్సో, నికానో కావాలంటే దిగుమతి సుంకం కొండంత. దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే చుట్టం కోసం చూడాలి, లేదా రాత్రి రైలెక్కి మద్రాసు బర్మా బజార్ దాకా పోవాలి. బిల్లు లేదు, గ్యారంటీ లేదు. అలా తెచ్చుకున్న కెమెరాను ఇంకొకడి చేతికివ్వడమంటే మాటలా? ఇచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టే ఈ సరదా మిగిలింది. బెల్టు మెళ్లో వేసుకో, లెన్సు మీద వేలు పెట్టకు, రీలు నువ్వే కొనుక్కో. షరతులు ఈ మూడే.

రీలు దొరకడం మరో కథ. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ ఫిల్ము తీసింది. తూర్పు జర్మనీ నుంచి ఓర్వో ఫిల్ము వచ్చేది, ఎన్‌పీ 22, ఎన్‌పీ 27 అనే రకాల్లో. పొదుపుగాళ్లు వంద అడుగుల డబ్బా ఒకటి కొని, చీకట్లో కొలిచి కత్తిరించి పాత క్యాసెట్లలో చుట్టుకునేవాళ్లు. ముప్పై ఆరు ఫోటోల రీళ్లు పద్దెనిమిది దాకా వస్తాయి. నలుగురు కలిసి డబ్బులేసుకుంటే మనిషికి నాలుగు రీళ్లు, మిగిలినవి నేర్చుకునే కుర్రాడికి. ఆ కుర్రాడు ఒక్కో ఫోటోకి అపర్చరెంత (లెన్సు రంధ్రం ఎంత తెరిచాడు), షట్టరెంత (ఎంతసేపు తెరిచాడు) అని చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. రాయకపోతే తర్వాతి రీలు ఉండదు. మిట్ట మధ్యాహ్నం ఎండలో వంద స్పీడు రీలుకి పదహారు అపర్చర్, సెకనులో నూట పాతికో వంతు షట్టర్. బెజవాడ ఎండకి ఈ లెక్క వెలుగు కొలిచే మీటరు లేకుండానే పనిచేస్తుంది. తిప్పలన్నీ నీడ కోసమే.

చెప్పుకోవలసిన అసలు చోటు ఫోటోలు కడిగే చీకటిగది, డార్క్‌రూమ్. దాన్ని గది అనడం మర్యాదకే, చాలా ఇళ్లలో అది స్నానాలగది. రాత్రి అందరి స్నానాలూ అయ్యాక కిటికీకి నల్లగుడ్డ కొట్టి, బకెట్లు బయటపెట్టి, పీట మీద నెగటివ్‌ని పెద్దదిచేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ ఎక్కించి, ఎర్ర బల్బు వేసేవాళ్లు. బొమ్మ తేల్చే మందు, అంటే డెవలపర్, పొట్లం దొరికితే సరే, లేకుంటే సొంతంగా కలుపుకోవడమే. డీ-76 అనే డెవలపర్ అంటే లీటరు నీటికి మెటాల్ రెండు గ్రాములు, సోడియం సల్ఫైట్ వంద, హైడ్రోక్వినోన్ ఐదు, బోరాక్స్ రెండు. మెటాల్ కరిగాకే సల్ఫైట్ అంతా పొయ్యాలి. ముందే పోస్తే మెటాల్ కరగదు. పుస్తకాలన్నీ మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలంటాయి. మే నెలలో బెజవాడ కుళాయి నీళ్లే ముప్పై దాటి వస్తుంటే ఇరవై ఎక్కడిది? అందుకని ట్రే కింద ఇంకో పెద్ద ట్రే పెట్టి ఐసు ముక్కలు పోసేవాళ్లు. నీళ్లు మరీ వేడెక్కితే ఫిల్ము మీది జెలటిన్ మెత్తబడి అంచుల్లో లేచొస్తుంది, ఇక ఆ నెగటివ్ మీద ఆశ వదులుకోవడమే. పటిక కలిపిన హైపోలో (బొమ్మని నిలబెట్టే మందు) ముంచితే కొంత గట్టిపడుతుందన్న చిట్కా ఒకరి నోట ఇంకొకరికి అందిందే.

నేర్పించే పనంతా అక్కడే జరిగేది. తెల్ల కాగితం మీద బొమ్మ మెల్లగా తేలుతుంటే కొత్తవాడు నోరు తెరుచుకుని చూస్తాడు. పక్కనున్నాయన ఆ మైమరపుకి ఒక్క నిమిషం గడువిస్తాడు. తర్వాత వైరు ముక్క చివర రూపాయంత అట్ట అంటించి, దాన్ని వెలుగు దారిలో ఆడిస్తూ ముఖం నల్లబడకుండా ఎలా కాచుకోవాలో చూపిస్తాడు. వెలిసిపోయిన ఆకాశానికి రెండు చేతులూ అడ్డం పెట్టి వేళ్ల సందునే ఇంకాస్త వెలుగు పోయిస్తాడు. ప్రింటు ఆరాక నల్ల అట్టతో కత్తిరించిన రెండు ‘ఎల్’ ముక్కలు తీసి దాని మీద పెట్టి జరుపుతాడు. ఎడమవైపు కరెంటు స్తంభం పోతుంది, పైన ఖాళీ పోతుంది, గట్టు మీద కూర్చున్న ముసలాయన మిగులుతాడు. మాట అక్కర్లేకుండానే పాఠం అయిపోయింది. నా మట్టుకు ఆ రెండు అట్టముక్కలకున్న విలువ ఇవాళ్టి ఏ పాఠాల వీడియోకీ లేదు. పాతకాలపు పిచ్చి అనుకున్నా సరే.

ఊరిబయట ఈ సరదాకి తోడైంది సెలూన్. జుట్టు కత్తిరించే సెలూన్ కాదు, ఫోటోల పోటీ. అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్ 1950లో మొదలైంది. మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ 1953లో ఏర్పడింది, బెంగళూరు డాక్టర్ జి. థామస్ దాని మూలస్తంభం. పన్నెండు పదిహేను అంగుళాల ప్రింట్లు రెండు అట్టల మధ్య బిగించి, వెనక పేరు, శీర్షిక రాసి, పార్సిల్ చేసి పంపాలి. నెలల తర్వాత ప్రింటు తిరిగొస్తుంది. వెనక స్టిక్కరు ఉంటే యాక్సెప్టెన్స్, అంటే ప్రదర్శనకి ఎంపిక, వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. యాక్సెప్టెన్సులు కూడబెడితే పేరు చివర ఏఫియాప్, ఆ తర్వాత ఈఫియాప్ అని ఫియాప్ బిరుదులు తగిలించుకోవచ్చు. ఈ తోకల మీద జోకులు బోలెడు. కానీ ఊళ్లో ఒకాయనకి విదేశీ స్టిక్కరు వచ్చిందంటే ఆ వీధిలో ఇద్దరు కుర్రాళ్లు కెమెరా వైపు తిరిగేవాళ్లన్నది నిజం.

గొలుసుకట్టు ఎలా సాగుతుందో తెలియాలంటే హైదరాబాదు ఉదాహరణ చాలు. సంస్థాన కాలపు కుటుంబానికి చెందిన రాజా త్రయంబక్ రాజ్ బహదూర్ ప్రోత్సహించిన బండి రాజన్‌బాబు దేశం మెచ్చిన ఫోటోగ్రాఫర్ అయ్యారు, తర్వాత తానే బడి పెట్టి తెలుగునాట ఎందరికో నేర్పారు. బెంగళూరులో ఓ.సి. ఎడ్వర్డ్స్ దగ్గర నేర్చిన టి.ఎన్.ఎ. పెరుమాళ్ అడవి జంతువుల ఫోటోలకు పెట్టింది పేరయ్యారు. బెజవాడకి అంత పెద్ద పేర్లు లేకపోవచ్చు, పత్రికలు ఉన్నాయి. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలయ్యాయి. పత్రికలో ఒక్కసారి పేరుతో అచ్చయిన ఫోటోని ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నవాళ్లున్నారు.

ఆ తర్వాతి మార్పుల్ని కొలవడానికి కృష్ణా పుష్కరాలే మంచి గడియారం. 1980 పుష్కరాలకు ఘాట్ల మీద సరదా కెమెరాల్లో నలుపు తెలుపు రీలు మామూలు. 1992 నాటికి రంగుల రీలు, మినీ ల్యాబు. ఉదయం ఇచ్చిన రీలు సాయంత్రానికి కడిగి ప్రింట్లు వేసి చేతిలో పెట్టేవాళ్లు. సదుపాయమే, కాకపోతే స్నానాలగదులు మళ్లీ స్నానాలకే పోయాయి. చీకట్లో పక్కపక్కన నిలబడే అవసరం తీరిపోయింది. 2004 వచ్చేసరికి డిజిటల్ గుమ్మంలో ఉంది. అంతకు ముందేడే కానన్ 300డీ అమెరికాలో వెయ్యి డాలర్ల లోపు ధరకి రావడంతో లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరా ఉద్యోగస్తుడి ఊహకి అందింది. 2016లో ప్రతి స్నానఘట్టం దగ్గరా ఎత్తిన చేతిలో ఫోనే.

డిజిటల్ వచ్చాక గుంపులు మళ్లీ కట్టారు. పేరు ఫోటోవాక్. ఆదివారం తెల్లారుజామున ప్రకాశం బ్యారేజీ మీద, ఉండవల్లి గుహల దగ్గర, కొండపల్లి బొమ్మలు చెక్కే ఇళ్ల ముందు, గుంటూరు మిర్చి యార్డులో, కొండవీడు మెట్ల మీద పదిమంది చేరతారు. పెద్దాయన వెంట నాలుగు లెన్సులుంటాయి, అడిగితే ఇస్తాడు. అక్కడిదాకా పాత మర్యాదే. తేడా ఇంటికెళ్లాక వస్తుంది. ఒక్కొక్కడి కార్డులో ఆరొందల ఫోటోలు. వాట్సాప్ గ్రూపులో యాభై పెడతాడు. పెద్దాయన అన్నింటి కింద చప్పట్ల బొమ్మ నొక్కుతాడు. ఆయన్నని లాభం లేదు, యాభై ఫోటోలకి ఎవడు ఎల్ ముక్కలు జరుపుతాడు? పన్నెండు ఫోటోల రీలు రోజుల్లో ఒక్కో ఫోటోకీ తిట్లు పడేవి. ఇప్పుడు మెచ్చుకోలు దండిగా దొరుకుతోంది, లోపం చెప్పే నోరే దొరకడం లేదు.

ఫీజుల గొడవ ఇక్కడే పుట్టింది. డార్క్‌రూమ్ కాలంలో నేర్పినాయన కూర్చోబెట్టుకున్నది ఒక్కణ్ని. ఇప్పుడు పాతికమందిని కూర్చోబెట్టుకుని, ఎల్‌సీడీ ప్రొజెక్టరు అద్దెకి తెచ్చి, టిఫిన్ పెట్టి చెబితే ఖర్చుంటుంది. ఫీజు తీసుకోవడం తప్పని నేననను. ఫీజుకి బదులుగా ఏం అమ్ముతున్నారన్నదే పేచీ. కొన్ని చోట్ల పాఠం పేరుతో తయారు సీను అమ్ముతున్నారు. పొద్దున్నే నదిలో పడవ, వల విసిరే మనిషి, అతనికి ముందే ముట్టజెప్పిన డబ్బు, ఎదురుగా వరసగా పదిహేను కెమెరాలు. పదిహేనుమందికీ ఒకే ఫోటో. ఆ పదిహేనూ ఒకే సెలూన్‌కి వెళితే జడ్జీల పరిస్థితి మీరే ఊహించుకోండి. వల విసిరేవాడికి రోజుకూలి దక్కింది, అది మంచిదే. నేర్చుకున్నదేంటంటే మాత్రం జవాబు కష్టం.

గుంటూరుకి దగ్గర్లోని ఉప్పలపాడు దగ్గర పేచీ ఇంకాస్త పదునైనది. ఊరి చెరువుల్లో పెరిగిన తుమ్మచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలనే పక్షులు గూళ్లు కడతాయి. ఊరివాళ్లే వాటిని కాచుకుంటూ వచ్చారు. కొత్తగా పెద్ద లెన్సు కొన్నవాడు మొదట పోయేది అక్కడికే, ఎందుకంటే పక్షులు దగ్గరగా, కదలకుండా దొరుకుతాయి. దొరికేవన్నీ దాదాపుగా గూటి ఫోటోలే. చాలా పోటీల్లో గూటి ఫోటోలకు ఇప్పుడు తలుపు మూసేశారు. గూటికి దగ్గరవ్వాలని మనుషులు చేసే పనులకి తల్లిపక్షి లేచిపోతే గుడ్డు ఎండకి ఉడుకుతుంది, పిల్ల కాకుల పాలవుతుంది. ఈ నిబంధన కుర్రాడికి ముందే చెప్పేవాడుండాలి. లేకపోతే బహుమతి ఆశతో గట్టు దిగి నీళ్లలోకి నడుస్తాడు.

చెప్పేవాళ్లలో కొందరు ఈమధ్య ఇంకో దారి పట్టారు. పోటీ సంగతి తర్వాత, ముందు గట్టు మీంచే తీసి, ఏ పక్షో తెలుసుకుని, తేదీ, చోటు రాసి, ఎవరైనా చూసిన పక్షుల్ని నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టమంటున్నారు. అక్కడ మసగ్గా ఉన్న ఫోటో కూడా పనికొస్తుంది, పక్షి ఏదో తేలితే చాలు. పేరు తప్పు పెడితే ఎవరో ఒక సమీక్షకుడు రుజువేదని అడుగుతాడు. కుర్రాడు మళ్లీ ఫోటో తెరిచి ముక్కు రంగు, కాళ్ల రంగు, రెక్క అంచు చూసుకోవాల్సి వస్తుంది.