చిన్నప్పుడు గుండె ఆపరేషన్.. ఇప్పుడు ఆ ఫైలెక్కడ?

బకాయిలు ఇవ్వకపోతే సేవలు ఆపేస్తామని నెట్‌వర్క్ ఆసుపత్రులు అన్నప్పుడల్లా ఆరోగ్యశ్రీ మళ్లీ వార్తల్లోకొస్తుంది. మాటలన్నీ ఆగిపోయే ఆపరేషన్ల గురించే. ఎప్పుడో ఆపరేషన్ అయిపోయినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. 2007లో పథకం మొదలైనప్పుడు అయిదేళ్ల వయసులో గుండెకు కోత పడిన పిల్లలు ఇప్పుడు ఇరవై దాటారు. ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లకు సిద్ధమవుతున్నారు.

పథకం ఎవరు తెచ్చారో, పేరు ఎన్నిసార్లు మారిందో అందరికీ తెలుసు. అసలు సంగతి అందులోని ఒక చిన్న నిబంధనలో ఉంది. ఎంపిక చేసిన 120కి పైగా చికిత్సలకు ఆపరేషన్ తర్వాత పరీక్షలు, మందులు ఉచితమన్నారు, ఏడాది పాటు. పుట్టుకతోనే గుండెలో లోపమున్న బిడ్డకు ఏడాది ఏ మూలకు? ఇప్పటి ఇబ్బందంతా అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. బిడ్డ కోలుకుంది, కేసు క్లోజ్.

ఏడాది చాలదన్నది ఆనాటికి డాక్టర్లకు తెలియని విషయమేమీ కాదు. ఏడిస్తే పెదాలు నీలంగా మారే టెట్రాలజీ ఆఫ్ ఫాలో జబ్బునే తీసుకోండి. దీన్ని మొదటిసారి పూర్తిగా సరిచేసింది 1954లో, అమెరికాలోని మిన్నెసోటాలో. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు కాబట్టి, చాలామందికి సర్జన్ అక్కడి కవాటం (వాల్వ్) వలయాన్ని కోసి ప్యాచ్ వేస్తాడు. దారి తెరుచుకుంటుంది గానీ కవాటం ఇక సరిగా మూసుకోదు. పంపిన రక్తంలో కొంత వెనక్కి కారుతూనే ఉంటుంది. గుండెలో కుడివైపు కింది గది ఆ భారాన్ని ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా మోస్తుంది. మనిషి మెట్లెక్కుతాడు, క్రికెట్ ఆడతాడు. అందుకే ఆ లీకుతో పెద్ద నష్టం లేదని చాలాకాలం అనుకున్నారు.

1995లో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు ఆ ధీమాను పోగొట్టారు. కుడి గది సాగేకొద్దీ, ఈసీజీలో కింది గదులకు విద్యుత్ సంకేతం పాకే సమయాన్ని చూపే క్యూఆర్‌ఎస్ అనే భాగం వెడల్పవుతోంది. అది 180 మిల్లీసెకన్లకు చేరినవాళ్లకు గుండె లయ తప్పి హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువ. అయిదేళ్లకు, 2000లో, ఛాతీ కోయకుండా తొడ రక్తనాళం గుండా కవాటం అమర్చే దారీ దొరికింది. అయితే గది మరీ సాగిపోకముందే పట్టుకోవాలి. అంటే బాగున్నా సరే, క్రమం తప్పకుండా ఎకో, ఈసీజీ, అవసరమైతే ఎమ్మారై.

ఇదంతా అందరికీ వర్తించదు, ఊరికే టెన్షన్ పడొద్దు. పై గదుల మధ్య చిన్న రంధ్రాన్ని చిన్నప్పుడే మూయించుకున్నవాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ రాదు.

పిల్లల్లో జబ్బులను ముందే గుర్తించేందుకు 2013లో వచ్చిన కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కూడా 18 ఏళ్ల దగ్గరే ఆగిపోయింది. 2023 డిసెంబరులో తెలంగాణ తన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచితే, అదే నెల ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచింది. రూపాయల మీద జరిగినంత చర్చ ఏళ్ల మీద జరగలేదు. ఉన్న డబ్బు ముందు ఆపరేషన్ కోసం ఎదురుచూసే పసివాళ్లకే పెట్టాలన్న వాదనా ఉంది. కాదనలేం. కానీ ఆ పసివాళ్లే రేపు ఈ వరసలోకి వస్తారు.

పిల్లల కార్డియాలజిస్టు దగ్గరికెళ్తే నువ్వు పెద్దవాడివంటారు. పెద్దల కార్డియాలజిస్టుకు రోజంతా స్టెంట్లతోనే గడిచిపోతుంది. ఆడపిల్లలకు మరో చిక్కు. పెళ్లిచూపులప్పుడు ఛాతీ మీది కుట్ల మచ్చ సంగతి ఇంట్లోవాళ్లు దాచేస్తారు. పెళ్లయ్యాక కడుపుతో ఉన్నప్పుడు గైనకాలజిస్టుకూ చెప్పరు. గర్భంలో గుండె పంపాల్సిన రక్తం 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. అంతకుముందే తీయించాల్సిన ఎకో ఆయాసం వచ్చాక తీయిస్తారు.

ఇక కాగితాలు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్లు ఉంచితే చాలు. ఆపరేషన్ చేసిన చోట ఇప్పుడు అడిగితే ఏం దొరుకుతుంది? మిగిలేది బీరువాలో చీరల కింద అమ్మ దాచిన ప్లాస్టిక్ కవరు. అందులో మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి సమ్మరీ ఉంటుంది, కవాటం వలయం కోశారో లేదో రాసుంటే అందులోనే రాసుండాలి. దాంతోపాటు అప్పటి ఈసీజీ ముక్క. థర్మల్ కాగితం కాబట్టి గీతలు వెలిసిపోయి తెల్లబడింది. కొత్త డాక్టరుకు పోల్చి చూడటానికి కావలసింది ఆ గీతే.