కరోనాలో జ్వరం తగ్గినా వేలికి మిషన్ పెట్టి చూడమనేది ఎందుకంటే

2021 మే నెల, కర్నూల్లో మా మామ మంచం మీద కూర్చొని సంగటి తింటా ఉండాడు, కరోనా జ్వరం తగ్గి రెండు రోజులైంది, "నాకేమైందిరా, బాగనే ఉండా" అంటాడు, ఊరికే వేలికి పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ నూటికి ఎంతుందో చూపే మిషన్) పెడితే 84 చూపిచ్చింది. మిషన్ చెడిపోయిందేమో అని నా వేలికి పెట్టుకుంటే 98. ఆయనకి లక్షణాలు మొదలై ఆరోజుకి ఎనిమిది రోజులు.

ఈ ఎనిమిదో రోజు లెక్క మాకు ముందే తెలిసుండాల్సింది, ఎందుకంటే 2020 జనవరిలో వుహాన్‌లో ఒక ఆసుపత్రిలో చేరిన 138 మందిని డాక్టర్లు గమనించి రాసిందాంట్లోనే ఇది ఉంది. దాదాపు అందరికీ జ్వరం, నూటికి అరవై మందికి పొడి దగ్గు, డెబ్బై మందికి రక్తంలో లింఫోసైట్లు (జబ్బుతో పోరాడే ఒకరకం తెల్లకణాలు) తగ్గినాయి. ఆయాసం అటూఇటూగా ఐదో రోజు, ఆసుపత్రిలో చేరింది ఏడో రోజు, ఊపిరితిత్తులు బాగా దెబ్బతినింది ఎనిమిదో రోజు. 2020 ఏప్రిల్లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు మా జిల్లాలోనే ఉన్నా కూడా మేమంతా మొదటి వారం జ్వరానికి భయపడి, రెండో వారంలో ధైర్యం తెచ్చుకునేవాళ్ళం, నిజానికి జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే.

84 ఉన్నా మనిషికి ఆయాసం ఎందుకు తెలీదు? మన మెదడు గాలి పీల్చమని తొందరపెట్టేది ఎక్కువగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు, ఆక్సిజన్ కొంచెం తగ్గితే అంతగా పట్టించుకోదు. ఈ జబ్బులో మొదట్లో ఊపిరితిత్తులు ఇంకా మెత్తగా సాగుతానే ఉంటాయి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతానే ఉంటుంది, కానీ దెబ్బతిన్న గాలి గదుల పక్కన పోయే రక్తానికి ఆక్సిజన్ అందదు. అందుకే 94 కంటే తగ్గితే ఆసుపత్రికి రమ్మనేది, ఆరు నిమిషాలు నడిచి మళ్ళీ చూస్కోమనేది కూడా అందుకే.

పెద్దాసుపత్రిలో మామకి ఇచ్చింది చూస్తే పెద్ద ఖరీదైందేమీ లేదు. ఆక్సిజన్, బోర్లా పడుకోబెట్టడం, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఆ డెక్సా గురించి మాత్రం వివరంగా చెప్పాలి. 2020 జూన్‌లో బ్రిటన్ వాళ్ళు ఆసుపత్రి రోగుల మీద మందులు పరీక్షించిన రికవరీ ట్రయల్‌లో తేలిందేమంటే వెంటిలేటర్ మీద ఉన్నోళ్ళలో 28 రోజుల్లోపల చావులు నూటికి 41 నుంచి 29కి తగ్గినాయి, ఆక్సిజన్ మాత్రమే పెట్టినోళ్ళలో 26 నుంచి 23కి, ఆక్సిజన్ అవసరం లేనోళ్ళకి లాభమే లేదు, కొంచెం నష్టమే కావచ్చు అన్నట్టు వచ్చింది. మొదటి వారం వైరస్ పెరిగేటప్పుడు మన రోగనిరోధక శక్తి పని చేయాల, దాన్ని స్టెరాయిడ్‌తో అణిచేస్తే వైరస్‌కే మేలు. రెండో వారంలో అదే శక్తి అదుపు తప్పి ఊపిరితిత్తుల్ని వాచిపోయేట్టు చేస్తుంది, అప్పుడు అణచాల. మందు అదే, రోజు మారితే ఫలితం తిరగబడుతుంది!

మామకి ఒక చిన్న క్లినిక్‌లో మూడో రోజే స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చినారు, ఆయనకేమో ముందే షుగరుంది. ఇది తల్చుకుంటే ఇప్పటికీ బాధే. ఆ రోజుల్లోనే మేం రెమ్డెసివిర్ అనే వైరస్ మందు కోసం ఊరంతా తిరిగినాం, ప్లాస్మా (కోలుకున్నోళ్ళ రక్తంలోని ద్రవం) దాతల కోసం ఫోన్లు చేసినాం. ప్లాస్మా మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 39 ఆసుపత్రుల్లో 464 మందితో చేసిన పరీక్షలో చావులు తగ్గలేదని 2020లోనే తేలింది, మా చెవిదాకా రాలేదంతే. రెమ్డెసివిర్ కొందరికి కోలుకునే రోజులు తగ్గించింది గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఫలితాలిచ్చిన పెద్ద ట్రయల్‌లో అప్పటికి ప్రాణాలు కాపాడినట్టు కనపడలేదు.

పదకొండు రోజులకి మామ ఇంటికొచ్చినాడు, షుగరు మాత్రం 300 దాటి ఉంది, ఇన్సులిన్ మొదలుపెట్టినారు. షుగరు, స్టెరాయిడ్ కలిస్తే ముక్కు, కళ్ళని తినేసే బ్లాక్ ఫంగస్‌కి దారి దొరికినట్టే కాబట్టి డాక్టరు అత్తకి గుర్తులన్నీ చెప్పి పంపిచ్చినాడు. నెల రోజులు రోజూ పొద్దున అత్త ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూసేది, కంటి కింద వాపుందా, చెంప మొద్దుబారిందా, ముక్కులోంచి నల్లగా ఏమన్నా వస్తాందా, పైపళ్ళు కదుల్తాండాయా అని.